సగం చాయ్ శిక్ష

ఈ మధ్య మా అపార్ట్‌మెంటు గ్రూపుకి అడ్మిన్‌గా ఉన్న ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎన్నికలొస్తున్నాయి, పొద్దున లేస్తే గ్రూపులో గొడవలే, మొత్తం మూసేద్దామనుకుంటున్నాను, మీరేమంటారని అడిగింది. మూసెయ్యొద్దన్నాను. ఎందుకొద్దో చెప్పడం మొదలుపెడితే ఆమె ఆఫీసుకు వెళ్ళే టైమైపోయింది. ఆమెలాగే ఏదో ఒక గ్రూపును నెత్తిన మోస్తున్న చిన్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి, మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నేను హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు అంకగణితం చెప్పేదాన్ని. డిగ్రీ లేదు. ఇంటర్ అయ్యాక నారాయణగూడలో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో లెక్కలు రాయడానికి కుదిరాను. శాతాలు, నిష్పత్తులు కాగితం లేకుండా వేయడం అక్కడే నాకు నేనుగా నేర్చుకున్నాను. మా సెంటర్ డైరెక్టర్ గారు ఆ దుకాణానికి కుక్కర్ కొనడానికి వచ్చి, నేను బిల్లు వేసే తీరు చూసి, పాఠం చెబుతారా అని అడిగారు. అలా మొదలైన ఉద్యోగం కిందటేడాది కళ్ళు ఇబ్బంది పెట్టేదాకా సాగింది. మా సెంటర్‌లో నాకు రెండో పని ఒకటి అంటగట్టారు. పిల్లల సందేహాల కోసం ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టి దానికి నన్ను అడ్మిన్‌ని చేశారు. లెక్కలావిడ కదా, మాట తూచి మాట్లాడుతుందని డైరెక్టర్ గారి నమ్మకం.

గ్రూపులో ఎవరూ సొంత పేర్లు పెట్టుకునేవాళ్ళు కాదు. ఒకడు 'కాబోయే ఎస్సై', ఇంకొకడు 'మౌనమే సమాధానం'. ఈ రెండోవాడంత వాగుడుకాయను నేనింతవరకు చూడలేదు. చేర్చుకున్నది నేనే కాబట్టి ఏ పేరు వెనక ఏ మొహం ఉందో నాకు తెలుసు. వాళ్ళకు ఒకళ్ళ సంగతి ఒకళ్ళకు తెలియదు. మామూలు రోజుల్లో రైళ్ళు, పడవలు, కాలం-పని. ఏదైనా నోటిఫికేషన్ మీద కోర్టు స్టే వచ్చినా, ఎవరైనా నాయకుడు మైకు ముందు నోరు విప్పినా ఆ రోజు లెక్కలు అటకెక్కేవి. ఆ పార్టీ వల్లే మా బతుకులిట్లయినయని ఒకరు, ఈ పార్టీ వచ్చి ఏం పీకిందని ఇంకొకరు. ఊళ్ళలో అమ్మానాన్నలు పొలాల్లో ఉంటే ఇక్కడ హాస్టల్ గదుల్లో ఏళ్ళ తరబడి చదివే పిల్లలు. వాళ్ళకు రాజకీయం కాలక్షేపం కాదు. ప్రభుత్వం ఒక కాగితం మీద సంతకం పెడుతుందా లేదా అన్నదాని మీద వాళ్ళ పెళ్ళి, ఇల్లు, తమ్ముడి చదువు అన్నీ ఆధారపడి ఉంటాయి. అది అర్థం చేసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

అందుకే మొదట రాజకీయం పూర్తిగా నిషేధించాను. మర్నాడు గ్రూపులో ఒక లెక్క వచ్చింది. A అనే నాయకుడు ఒక పనిని ఐదేళ్ళలో చేస్తానన్నాడు, B అనే నాయకుడు అదే పనిని నూరు రోజుల్లో చేస్తానన్నాడు, ఇద్దరూ ఒకే పార్టీలో చేరితే ఆ పని ఎన్నేళ్ళకు కాదు? సాయంత్రానికి అలాంటివి డజన్లకొద్దీ వచ్చాయి. కొన్ని లెక్కలుగా చూసినా బాగానే ఉన్నాయి. నవ్వొచ్చి నిషేధం ఎత్తేశాను.

తర్వాత నా తెలివి ఉపయోగించాను. అందరికీ కొన్ని మార్కులు ముందే ఇచ్చి, తిట్టిన ప్రతిసారీ మూడోవంతు మార్కు కోస్తానన్నాను. పరీక్షల్లో నెగెటివ్ మార్కులంటే వణికే పిల్లలు, ఇక్కడా వణుకుతారనుకున్నాను. వణకలేదు. పరీక్ష బోర్డు మీద చేసేదే నా మీదా చేశారు. అభ్యంతరాలు దాఖలు చేశారు. 'బానిస' అనడం తిట్టు కాదు, విశ్లేషణ అని ఒకడు నిఘంటువు పేజీ ఫొటో పంపాడు. అదే మాట అన్న వేరొకరికి కోత పడలేదు కాబట్టి తనకు మార్కు కలపాలని ఇంకొకడు. ప్రాథమిక కీ ఎప్పుడిస్తారు, తుది కీ ఎప్పుడిస్తారని మరొకడు. చివరికి ఒకడు, మేడం ఆంధ్రామె, అటోళ్ళకే మార్కులేస్తది అన్నాడు. నేను చిక్కడపల్లిలోనే పుట్టాను నాయనా, మా తాతగారు ఇక్కడికొచ్చినప్పటికి మీ నాన్న కూడా పుట్టి ఉండరని చెప్పాను. "అయినా మీ ఇంట్ల ఇప్పటికీ గోంగూర పచ్చడే కద మేడం" అన్నాడు. అది నిజమే. ఆ పద్ధతీ అక్కడితో ఆగిపోయింది.

మా పాలిటీ సార్ ఈ కష్టాలన్నీ చూసి మురిసిపోయేవారు. రాజ్యాంగం ఆయన చెబితే వినాలి, పిల్లలు గోడలకు ఆనుకుని నిలబడి వినేవారు. గ్రూపులోకి వస్తే మాత్రం ఆయనే అందరికన్నా ముందు నోరు జారేవారు. భావప్రకటన స్వేచ్ఛ మీద పొద్దున పాఠం చెప్పి, మధ్యాహ్నం గ్రూపులో ఎవరినో నోరు మూసుకోమనేవారు. ఏంటండీ ఇదంటే, "మేడం, మీ లెక్కల్ల రెండు రెళ్ళు నాలుగే. మా దాంట్ల ఎవరు లెక్కబెడుతున్నరన్న దాన్నిబట్టి ఉంటది" అనేవారు. ఆయన మీద కోపం ఎంతోసేపు నిలిచేది కాదు.

మూడో ఉపాయం నాది కాదు. మా సెంటర్ కింద చాయ్ బండి ఉండేది. ఒకరోజు నేను మెట్లు ఎక్కబోతుంటే అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు వన్ బై టూ చెప్పి, సగం సగం తాగుతున్నారు. లైబ్రరీలో పక్కపక్క కుర్చీల వాళ్ళు. ఒకడు రెండోవాడికి ఫోన్ చూపించి, "చూడన్నా, గ్రూపుల వీడెట్ల రాసిండో. దొరకాలె, చెప్త వీని సంగతి" అన్నాడు. రెండోవాడు ఫోన్ అందుకుని చూశాడు. ఆ రాసినవాడు తనే. నాకు తెలుసు, చూపించినవాడికి తెలియదు. నేను మెట్టు మీద కాలు పెట్టి అలాగే నిలబడిపోయాను. అతను ఆ సందేశం పై నుంచి కిందిదాకా ఒకసారి చదివాడు. ఫోన్ తిరిగిచ్చి, "మనోడేనే. పొద్దున జర ఆకలి మీద ఉన్నట్టున్నడు" అన్నాడు. నేను పైకెళ్ళి గ్రూపు తెరిచేసరికి ఆ సందేశం లేదు.

ఆ మర్నాడు కొత్త నిబంధన పెట్టాను. ఇద్దరు గీత దాటి తిట్టుకుంటే ఇద్దరికీ గ్రూపులో రాసే వీలు పోతుంది. ఇద్దరూ కలిసి కింద బండి దగ్గర వన్ బై టూ తాగాలి. రాజకీయం ఎత్తకూడదు. తర్వాత ఎదుటివాడు ఏ ఊరివాడో, ఏ పరీక్షకు చదువుతున్నాడో, ఏ పాఠం రాదో నాకు చెబితే నేను గ్రూపులో పెడతాను. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. పిల్లలు దానికి సగం చాయ్ శిక్ష అని పేరు పెట్టారు. మొదట్లో మూతులు ముడుచుకుని తాగారు. తర్వాత్తర్వాత నాకొచ్చే మాటలు మారాయి. "ఈ అన్నది నల్లగొండ దిక్కు మేడం. పడవలు-ప్రవాహాలు రావంట. నాకొస్తయ్, నేర్పిస్త. పార్టీ సంగతి మాత్రం వానికి ఎవ్వరు నేర్పినా రాదు." ఇలా ఉండేవి. వాదనలు తగ్గలేదు. తిట్లు తగ్గాయి. పాలిటీ సార్‌కు కూడా ఒకసారి శిక్ష పడింది. ముందు అలిగారు. వెళ్ళొచ్చాక, "వాని పార్టీ తప్పే మేడం, కాని వాళ్ళ మేనమామ నాతోని చదువుకున్నడు" అని, ఆ రోజంతా ఆ మేనమామ కబుర్లే చెప్పారు. బండి ఆయన నన్ను చూసినప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. పిల్లల లొల్లితో తన గిరాకీ పెరిగిందని ఆయన సంతోషం.

నాకు గర్వం తలకెక్కింది. చెరి సగం అన్నది నాకు మొదటి నుంచీ ఇష్టమైన లెక్క. ఇక ఈ గ్రూపు గురించి దిగులు లేదనుకున్నాను. అప్పుడు వచ్చింది ఆ రోజు.

ఒక పెద్ద పరీక్షకు తేదీ ప్రకటించారు. దానికి దగ్గరలోనే ఇంకో పరీక్ష కూడా ఉంది. వాయిదా వేయాలని సగం మంది, వేయొద్దని సగం మంది. ఒక పార్టీ వాయిదా కావాలంది, ఇంకో పార్టీ వద్దంది, కాబట్టి గ్రూపులో ఎవరేం అన్నా పార్టీ మాటే అయ్యింది. చాయ్‌ల పుణ్యమా అని అప్పటికి ఏ పేరు వెనక ఎవరున్నారో చాలామందికి తెలిసిపోయింది. వాయిదా కావాలని గట్టిగా రాసేవాడు పాలమూరు వైపు నుంచి వచ్చిన అబ్బాయి. అప్పటికే కానిస్టేబుల్‌గా ఎంపికై, పోలీసు వెరిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, ఇంకా పెద్ద ఉద్యోగానికి చదువుతున్నాడు. వద్దని రాసేది ఒక అమ్మాయి. పొద్దునపూట జిరాక్స్ షాపులో పనిచేసి, మిగతా సమయం చదువుకునేది. వయోపరిమితి ప్రకారం ఆమెకు ఇదే చివరి అవకాశం. వాదనలో ఆమెదే పైచేయి అయ్యింది. తేదీలు, పాత తీర్పులు అన్నీ చూపించి అతని ఒక్కో మాటా పడగొట్టింది. అప్పుడు అతను, నీ హాస్టల్ కిరాయి ఏ లీడర్ కడుతున్నడో అందరికీ తెలుసులే అని రాశాడు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూములోకి వచ్చింది. ఫోన్‌లో ఆ మాట ఫొటో తీసి పెట్టుకుంది. పోలీస్ స్టేషన్‌కు పోతున్నానని, నాకు చెప్పి పోదామని వచ్చానని అంది. కేసు పెడితే ఏమవుతుందో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. వెరిఫికేషన్‌లో కేసు కనిపిస్తే ఆ అబ్బాయి ఉద్యోగం చేతికి రాకుండానే పోతుంది. డైరెక్టర్ గారు నా వైపు వంగి, సెంటర్ పేరు స్టేషన్ దాకా పోకూడదు మేడం గారూ, ఆ చాయ్ ఏదో తొందరగా తాగించెయ్యండని గొణిగారు.

నేనూ అదే దారి పట్టాను. నిబంధన ఉంది కదమ్మా, అతన్ని కూడా పిలుస్తాను, ముందు ఇద్దరూ కలిసి కిందికి వెళ్ళండి అన్నాను.

ఆ అమ్మాయి నన్నే చూసింది. "నేనేం తప్పు చేసిన మేడం, సగం తాగనీకి?"

భాగస్వామ్యం లెక్కల్లో ఎవరి పెట్టుబడి ఎంతో చూడకుండా సమానంగా పంచితే తప్పని నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. ఇక్కడ తిట్టినవాడికి సగం, తిట్టు తిన్నదానికి సగం పంచుతున్నాను. ఇద్దరూ తిట్టుకున్నప్పుడు ఆ చాయ్ మందు. ఒకరే తిట్టినప్పుడు అది రెండో మనిషిని కూడా దోషిని చేస్తుంది. మీలో గ్రూపులు నడిపేవాళ్ళు ఒక్క ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు. శాంతి కావాలన్న తొందరలో ఇద్దరినీ ఒకే గాటన కట్టడం సులువు, అడ్మిన్‌కు పని తప్పుతుంది. కాని దెబ్బ తిన్న మనిషి ఆ తర్వాత మాట్లాడటం మానేస్తుంది. గ్రూపు ప్రశాంతంగా ఉందని మనం మురిసిపోతాం.

"తప్పు నాదమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. "ఫిర్యాదు నీ హక్కు. ఇస్తానంటే నేనూ వస్తాను. ఆ మాట గ్రూపులో చూశానని చెబుతాను."

డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మూల కుర్చీలో ఉన్న పాలిటీ సార్ అప్పుడు లేచి, "నేను గూడ వస్త బిడ్డా" అన్నారు.

అప్పుడు ఆ అమ్మాయి కూర్చుంది. మంచినీళ్ళు అడిగింది. తాగి, సాయంత్రం దాకా చూస్తానని, అతను ఏమంటాడో చూసి పోతానని చెప్పి వెళ్ళింది.

అబ్బాయిని పిలిపించాను. వచ్చేసరికే విషయం తెలిసి మొహం పాలిపోయి ఉంది. కోపంలో నోరు జారిందని, ఆమె ఎక్కడుందో చెబితే పోయి కాళ్ళు పట్టుకుంటానని అన్నాడు. కాళ్ళు పట్టుకోవడం వద్దు, అందరి ముందు అన్న మాట కాబట్టి అందరి ముందే వెనక్కి తీసుకోమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"రాస్తే అదే సాక్ష్యం అయితది మేడం. నా అంతట నేనే ఒప్పుకున్నట్టు. ఆమె కేసు పెట్టనని మాటియ్యమనండి, ఇప్పుడే రాస్త."

"అది బేరం నాయనా. నేను అడగను."

"మా ఇంట్ల ఇదొక్కటే నౌకరి మేడం. మా నాయన ఊర్ల అందరికీ చెప్పుకున్నడు."

అతను ఏడుపు ఆపుకుంటున్నాడు. నాకు ఆ పిల్లాడంటే ఇష్టం. నిష్పత్తులు రాక ఏడ్చినవాడు, నా దగ్గర నేర్చుకుని మిగతావాళ్ళకు చెప్పేవాడు. ఆమె కేసు పెడితే నేను సాక్ష్యం చెబుతానని మాటిచ్చానని అతనికి కూడా చెప్పాను, దాచడం ఇష్టం లేక. అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ బాగా గుర్తుంది. పాలిటీ సార్ అతని పక్కన కూర్చుని చట్టం ప్రకారం ఏమేమి కావచ్చో ఉన్నదున్నట్టు చెప్పారు. రాస్తే మేలు జరుగుతుందని చెప్పలేదు, కీడు జరుగుతుందనీ చెప్పలేదు. అతన్ని ఖాళీ క్లాసులో ఒంటరిగా వదిలేసి మేము బయటికి వచ్చేశాం.

పక్క గదిలో నా బ్యాచ్ మొదలైంది. గొట్టాలు-తొట్లు చెబుతున్నాను. నింపే గొట్టాన్ని ఖాళీ చేసే గొట్టంగా రాసేసి, తొట్టి ఎందుకు నిండటం లేదో తెలియక బోర్డు ముందు నిలబడ్డాను. పిల్లలు ఎత్తి చూపించాక దిద్దుకుంటుంటే గదిలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అందరూ ఆ గ్రూపు వాళ్ళేగా. తలలన్నీ కిందికి వంగాయి. నేనూ చూశాను.

"పొద్దున నేను ఒక అక్క గురించి రాసింది అబద్ధం. ఆమె కిరాయి ఎవరు కడుతున్నరో నాకు తెల్వదు. అడిగే హక్కు కూడ లేదు. వాదనల గెలవలేక రాసిన. ఆమె ఏం చేసినా నేను తప్పు పట్ట. పరీక్ష వాయిదా వెయ్యాలె అన్నది మాత్రం నా మాట ఇప్పటికీ అదే."

చివరి వాక్యం చదివి నేను కళ్ళు మూసుకున్నాను. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎంత బాగుండేది అనుకున్నాను. ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అది లేకపోతే ఆ క్షమాపణ భయంతో రాసిందే అయ్యేది.

ఆ అమ్మాయి టైపు చేస్తున్నట్టు ఫోన్‌లో కనిపిస్తోంది. ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. "మేడం, తొట్టి సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు ముందు బెంచీలో ఒకడు. సరేనన్నాను.

"అన్నా, చదివిన" అని మొదలుపెట్టింది. "నేను పొద్దున జిరాక్స్ షాపుల పనిచేసి కిరాయి కట్టుకుంటున్న. నేను స్టేషన్‌కు పోతలేను. ఇగ వాయిదా సంగతి. నీకు రెండు పరీక్షలు దగ్గర పడ్డయి, చదవనీకి టైం లేదు, అది నిజమే. నేను అది పొద్దున ఒప్పుకోలే. ఇప్పుడు ఒప్పుకుంటున్న. కాని వాయిదా పడితే నాకు వయసు దాటుతది. మల్ల ఎన్నడూ రాయలేను. నీకు కష్టం, నాకు ఆఖరు. అందుకని నేను ఒప్పుకోను." దాని కింద మళ్ళీ తేదీలు, తీర్పులు.

ఆ అబ్బాయి వయసు సడలింపు ఇచ్చి వాయిదా వేయొచ్చు కదక్కా అని అడిగాడు. ఇస్తరని నీకెవరు చెప్పిండ్రన్నా అంది. మిగతావాళ్ళూ చేరారు. క్లాసు అయ్యేదాకా వాళ్ళు అలా వాదించుకుంటూనే ఉన్నారు. అక్కడ నేను తీసెయ్యాల్సిన మాట ఒక్కటీ రాలేదు. సాయంత్రం ఆ అమ్మాయిని అడిగి, పొద్దుటి ఆ ఒక్క మాట గ్రూపులోంచి తీసేశాను.

పరీక్ష చివరికి ప్రకటించిన తేదీకే జరిగింది. ఇద్దరూ రాశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. వెరిఫికేషన్ వాళ్ళు వస్తున్నారట. గ్రూపులో తన క్షమాపణ ఇంకా ఉంది, దాన్ని తీసేయాలా వద్దా అని అడిగాడు. నన్ను కాదు, ఆమెను అడగమన్నాను. ఒక్కణ్ణే పోవడానికి మొహం చెల్లడం లేదంటే, నాకూ మోడల్ పేపర్లు జిరాక్స్ తీయించేది ఉంది కదా అని వెంట వెళ్ళాను.

షాపులో జనం ఉన్నారు. ఆ అమ్మాయి చేతులకు సిరా అంటుకుని ఉంది. అతను పక్కన నిలబడి, "చదవనీకి నాకు టైం సరిపోలే అక్కా, నేను చెప్పినట్టే అయ్యింది" అన్నాడు.

"నాకు సరిపోయింది" అంది ఆమె.

అతను అసలు సంగతి చెప్పాడు. తీసెయ్యమంటే తీసేస్తానని, ఉంచమంటే ఉంచుతానని, ఆమె ఎట్ల చెబితే అట్లనే అన్నాడు. ఆమె చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది. ఆ రోజు తీసుకున్న ఫొటో వెతికి అతని ముందే చెరిపేసింది.

"నీ కోసం అనుకునేవు. నా ఫోన్ల జాగ లేదు."

"మరి నేను రాసింది?"

"అది ఉండనీ. నువ్వది తీసేస్తే దాని కింద నేను రాసిందంతా ఎవరితోని కొట్లాడినట్టు?" అని, నా చేతిలోంచి పేపర్లు అందుకుని మెషిన్ మూత ఎత్తింది.